మూడు పట్టణములు – మూడు ప్రశ్నలు



ఒక జనమును ఎరుగవలెనన్న వారి కోటలను, గోపురములను చూచుట చాలదు. మూడు సంగతులు అడిగి తెలిసికొనవలెను. వారిలో పెద్దరికము ఎవరికి చెల్లును? వారు తమ పిల్లలను ఎట్లు పెంచుదురు? చేతులతో కష్టపడువానిని ఏ కంటితో చూతురు? ఈ మూడింటికి వారిచ్చు జవాబులోనే వారి హృదయము బయలుపడును.

ఈ ప్రశ్నలను పూర్వకాలపు మూడు పట్టణములను అడిగి చూతము. ఒకటి స్పార్తా, రెండవది ఏథెన్సు, మూడవది యెరూషలేము. మొదటి రెండును గ్రీసు దేశములోనివి. వాటి నడుమ దూరము సుమారు 240 కిలోమీటర్లు. క్రీ.పూ. 490లో పారసీకులు దండెత్తి వచ్చినప్పుడు ఏథెన్సునుండి బయలుదేరిన వార్తాహరుడొకడు మరునాటికే స్పార్తా చేరెనని హెరొడోటసు అను చరిత్రకారుడు వ్రాసెను. ఉభయుల భాషయు గ్రీకు భాషయే, ఉభయులు మ్రొక్కిన దేవతలును వారే. అయినను ఒక ఊరివాని నడవడి మరియొక ఊరివానికి వింతగా తోచెను. ఇక యెరూషలేము సముద్రమునకు ఆవల కొండలమీదనున్న పట్టణము. దానిని మీరు చిన్ననాటనుండి ఎరిగినవారే. పౌలు అరేయొపగు సభ నడుమ నిలిచి ప్రసంగించెను గనుక ఏథెన్సు పేరును మీరు విన్నదే.

ఒక మాట ముందుగా మనవి చేసెదను. ఒక పట్టణమును ఆకాశమునకెత్తి, మరియొకదానిని పాతాళమునకు త్రొక్కుట మన ఉద్దేశము కాదు. ప్రతి కళ్ళములోను గింజయు ఉండును, పొట్టును ఉండును. చేటను నిదానముగా పట్టుకొని చెరుగుదము.

1. పెద్దరికము ఎవరిది?

స్పార్తాలో ఏకకాలమందు ఇద్దరు రాజులుండిరి. రెండు వంశములనుండి ఒక్కొక్కడు రాజగును. ఒకని అధికారము మరియొకని అధికారమునకు కళ్ళెముగా నుండును. వారితోకూడ, అరువది ఏండ్లు దాటిన 28 మంది పెద్దలు సభగా కూర్చుందురు. ఈ పెద్దలు బ్రదికినంతకాలము పదవిలో నుందురు. వీరుగాక ఏటేట ఎన్నుకొనబడు అయిదుగురు అధికారులు గలరు, వారిని ఎఫోరులందురు. రాజులు నెలకొకసారి శాసనము ప్రకారము ఏలుదుమని ప్రమాణము చేయవలెను. రాజు తన మాట నిలుపుకొన్నంతకాలము అతని సింహాసనమును కదల్చమని ఎఫోరులు పట్టణము పక్షమున ప్రమాణము చేయుదురు. రాజైనను శాసనమునకు లోబడవలెననుట మెచ్చదగిన సంగతియే.

అయితే పెద్దలను ఎన్నుకొను విధము వినుడి. అభ్యర్థులు ఒకరి వెంట ఒకరు జనసమూహము నడుమ మౌనముగా నడిచిపోవుదురు. కొందరు ప్రక్కనున్న గదిలో తలుపులు మూసికొని కూర్చుండి, నడుచువాని ముఖము చూడక, జనుల కేక మాత్రమే వినుచుందురు. ఎవని వంతు వచ్చినప్పుడు కేక మిక్కిలి బిగ్గరగా లేచెనో వాడే పెద్ద. ఇది చిన్నపిల్లల చేష్టవలె నున్నదని అరిస్టాటిల్ అను తత్త్వవేత్త ఆక్షేపించెను. మన ఊరి సభలలో, ఒక్కొక్కప్పుడు మన సంఘపు సభలలో సయితము, గొంతు పెద్దదైనవాని మాట నెగ్గుట మీరు చూడలేదా? స్పార్తా అంత దూరముగా లేదు సుమీ!

ఏథెన్సు దారి వేరు. క్రీ.పూ. 508 ప్రాంతమున క్లైస్తెనీసు అనువాడు అక్కడి పరిపాలనను మార్చిన పిమ్మట 500 మంది గల ఆలోచనసభ ఏర్పడెను. కొంతకాలమునకు దాని సభ్యులను చీట్లు వేసి నియమించు పద్ధతి వచ్చెను. ఒకడు తన జీవితకాలములో రెండుమారులకు మించి అందు కూర్చుండరాదు. దున్నువాడును, కుండలు చేయువాడును, ఓడ నడుపువాడును పౌరుడైనచో తన వంతు వచ్చినప్పుడు పట్టణపు కార్యములు నడుపవలసినదే. యుద్ధము చీట్లతో నడుచునది కాదు గనుక సేనాపతులను మాత్రము, పదిమందిని, ఏటేట ఎన్నుకొనుచుండిరి. పదవి ముగిసిన ప్రతి అధికారియు తాను పుచ్చుకొన్న ధనమునకు, చేసిన పనికి ప్రజల ఎదుట లెక్క ఒప్పజెప్పవలెను. ఈ ఒక్క నియమము కొరకైనను ఏథెన్సుకు మనము ఋణపడియున్నాము.

అయినను అక్కడ పొట్టు లేకపోలేదు. ఎవడైన మితిమీరి ప్రబలుచున్నాడని తోచినయెడల, ప్రజలు కుండపెంకుల మీద పేర్లు గీసి అతనిని పది సంవత్సరములు దేశమునుండి వెళ్ళగొట్టవచ్చును. దానికి 6,000 పెంకులు కావలెను. క్రీ.పూ. 482లో అరిస్టైడీసు అను నీతిమంతుని అట్లు వెళ్ళగొట్టిరి. ఆ దినమున చదువురాని రైతు ఒకడు, తన ఎదుటనున్నవాడు ఎవడో ఎరుగక, అతనికే పెంకునిచ్చి అరిస్టైడీసు పేరు వ్రాసిపెట్టుమనెనని ప్లూటార్కు చెప్పుచున్నాడు. “ఆయన నీకేమి కీడు చేసెను?” అని అడుగగా, కీడేమియు చేయలేదనియు, ఊరంతయు అతనిని నీతిమంతుడనుట విని విని విసుగెత్తినదనియు ఆ రైతు చెప్పెనట. అరిస్టైడీసు మారుమాటాడక తన పేరు తానే వ్రాసియిచ్చెను. రెండేండ్లకు పారసీకుల యుద్ధమున అతని అవసరము కలుగగా మరల పిలిపించుకొనిరి. క్రీ.పూ. 399లో సోక్రటీసునకు మరణశిక్ష విధించినదియు ఈ పట్టణపు న్యాయసభయే. మంచివానిని చూచి ఓర్వలేనితనము రాజుల నగరులలోనే కాదు, జనసమూహములలోను ఉండును. మరియు స్త్రీలకు, బానిసలకు, పరదేశులకు ఆ పరిపాలనలో పాలు లేదని మరువరాదు.

ఇక యెరూషలేము. ఇశ్రాయేలీయులు రాజును కోరుకొన్నప్పుడు సమూయేలు వారిని హెచ్చరించెను. రాజు మీ కుమారులను తన రథములకు, మీ కుమార్తెలను తన వంటశాలకు, మీ పొలములను తన సేవకులకు తీసికొనునని చెప్పెను. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయమున రాజు గుఱ్ఱములను, భార్యలను, వెండి బంగారములను విస్తరింపజేసికొనరాదనియు, ధర్మశాస్త్రపు ప్రతిని తన కొరకు వ్రాసికొని దినదినము చదువుకొనవలెననియు విధింపబడియున్నది. తన సహోదరులమీద గర్వింపకుండుటకే ఈ చదువు.

ఈ భేదము నాబోతు ద్రాక్షతోట కథలో మిక్కిలి తేటగా కనబడుచున్నది. అహాబు రాజు. నాబోతు ఒక గ్రామస్థుడు. తాతముత్తాతల పొలమును అమ్మనని నాబోతు చెప్పగా, రాజు ఏమి చేసెను? అన్నము మాని మంచముమీద పడుకొని ముఖము త్రిప్పుకొనెను! ఎందుచేత? అతడు దుష్టుడైనను, పేదవాని స్వాస్థ్యమును రాజు లాగుకొనరాదని ఎరిగియున్న దేశములో పెరిగినవాడు. అతని భార్య యెజెబెలు సీదోను రాజకుమార్తె. ఆమె పెరిగిన నగరిలో రాజు కోరినదే శాసనము. కావున భర్త దిగులు ఆమెకు నవ్వులాటగా తోచెను. ఒక్క పడకగదిలో రెండు దేశముల పెద్దరికములు ఎదురెదురుగా నిలిచినవి. ఆ దినమున సీదోను గెలిచెను, నాబోతు రాళ్ళ దెబ్బలకు చచ్చెను. అయితే ఏలీయా వచ్చి రాజును ముఖాముఖిగా నిలదీసెను. యెరూషలేములోను, షోమ్రోనులోను రాజులు తరచుగా చెడ్డవారే. కాని రాజును గద్దించుటకు ఒక ప్రవక్తకు చోటుండెను. అదియే అక్కడి గింజ.

2. బిడ్డ ఎవరి సొత్తు?

స్పార్తాను అడిగినయెడల “బిడ్డ పట్టణపు సొత్తు” అనును. పుట్టిన శిశువును వంశపు పెద్దలు పరీక్షించి, బలహీనముగా నున్నయెడల టైగెటసు కొండ ప్రక్కనున్న లోయలో పారవేయించిరని ప్లూటార్కు వ్రాసెను. ఆ కొండ దగ్గర గోతియని పేరుపడిన గుహలో త్రవ్వి చూచిన పండితులకు ఎదిగినవారి ఎముకలే గాని శిశువుల ఎముకలు దొరకలేదు గనుక, ఆ మాటను ఇప్పుడు అనేకులు సందేహించుచున్నారు. దానిని అటుంచుదము. తక్కినదానికి సాక్ష్యము దండిగా నున్నది.

మగబిడ్డకు ఏడేండ్లు రాగానే తల్లి ఒడినుండి తీసికొని గుంపులలో చేర్చుదురు. పండ్రెండేండ్లు వచ్చిన పిమ్మట సంవత్సరమంతటికి ఒక్కటే వస్త్రము. చెప్పులు లేవు. యూరోటసు నదీతీరమున చేతులతో విరిచిన రెల్లే పడక. తిండి చాలీచాలకుండ పెట్టి, దొంగిలించి తినుటకు సెలవిత్తురు. పట్టుబడినయెడల కొరడా దెబ్బలు. అవి దొంగిలించినందుకు కావు, పట్టుబడినందుకు! ముప్పదియేండ్లు వచ్చువరకు, పెండ్లియైనను, యౌవనస్థుడు తోటి సైనికులతోనే పరుండవలెను. ఇట్లు పెరిగినవారే క్రీ.పూ. 480లో థర్మోపిలే కనుమలో లియోనిడాసు రాజుతోకూడ నిలిచి ప్రాణములు విడిచిన 300 మంది. వారి ధైర్యమును కాదనలేము. స్పార్తా బాలికలకు సయితము పరుగు, మల్లయుద్ధము నేర్పిరి. అక్కడి స్త్రీలకు ఆస్తిహక్కు ఏథెన్సు స్త్రీలకంటె ఎక్కువగా నుండెను. కాని ఆ కొరడా క్రింద పెరిగిన బాలుడు ఒక్క పనికే పనికివచ్చువాడాయెను. యుద్ధము తప్ప వేరేదియు అతనికి తెలియదు.

ఏథెన్సులో బిడ్డ తండ్రి సొత్తు. పుట్టిన శిశువును ఇంట చేర్చుకొనుటయు, బయట విడిచిపెట్టుటయు తండ్రి ఇష్టము. చేర్చుకొన్న మగబిడ్డను బడికి పంపి, అక్షరములు, సంగీతము, వ్యాయామము నేర్పింతురు. బడికి తోడుగా వెళ్ళు బానిసను గ్రీకులు పైదాగోగొసు అనిరి. గలతీయులకు వ్రాసిన పత్రికలో ధర్మశాస్త్రము మనకు బాలశిక్షకుని వంటిదని పౌలు చెప్పునప్పుడు వాడినది ఈ మాటయే. ఆడపిల్ల మాత్రము లోపలి గదిలో నూలు వడుకుచు పెరుగును. ఏథెన్సు శాసనకర్త సోలోను ఒక మంచి కట్టడ చేసెనని ప్లూటార్కు వ్రాసెను. కొడుకునకు ఏదో యొక వృత్తి నేర్పని తండ్రిని, ముసలితనమున ఆ కొడుకు పోషింపనక్కరలేదట. తండ్రికి హక్కే గాక బాధ్యతయు కలదని చెప్పిన కట్టడ అది.

శిశువును విడిచిపెట్టు వాడుక గ్రీకులతోనే ఆగలేదు. ఐగుప్తు ఇసుకలో దొరికిన ఒక ఉత్తరము కలదు. క్రీ.పూ. 1వ సంవత్సరమున, అనగా మన ప్రభువు పుట్టిన కాలమునకు సమీపముగా, అలెక్సంద్రియలో కూలికి పోయిన హిలారియోను అనువాడు ఊరిలోనున్న భార్యకు దానిని వ్రాసెను. జీతము రాగానే పంపెదనని ప్రేమతో ఆదరించెను. పుట్టబోవు బిడ్డ మగవాడైతే ఉంచుమని, ఆడపిల్లయైతే పారవేయుమని అదే కలముతో వ్రాసెను. వాడు రాక్షసుడు కాడు, భార్యను ప్రేమించినవాడే. లోకమంతయు చేయుచున్నదానినే తానును చేసెను. అదియే మనము భయపడవలసిన సంగతి.

యెరూషలేము జవాబు ఇందుకు భిన్నము. అక్కడ బిడ్డ దేవుని స్వాస్థ్యము, తలిదండ్రులు కాపుదారులు మాత్రమే. యూదులను ద్వేషించిన రోమా చరిత్రకారుడు టాసిటసు వారి వింత ఆచారములను లెక్కించుచు, పుట్టిన శిశువును చంపుట వారికి పాపమని వ్రాసెను. ఆయనకు అది వింత! తండ్రి తన కుమారునికి ధర్మశాస్త్రమును, ఒక చేతిపనిని నేర్పవలెనని యూదుల బోధకులు విధించిరి. వృత్తి నేర్పని తండ్రి కొడుకునకు దొంగతనమే నేర్పినట్లని వారిలో ఒకడు ఖండితముగా చెప్పెను. మొదట తండ్రియే గురువు. తండ్రి లేని బిడ్డ చదువులేక పోవుచుండుట చూచి, క్రీ.శ. 70లో దేవాలయము పాడగుటకు కొద్ది సంవత్సరములు ముందు, ప్రధానయాజకుడైన యెహోషువ బెన్ గమ్లా ఊరూర ఉపాధ్యాయులను నియమించి ఆరేడు ఏండ్ల పిల్లలను బడిలో చేర్చెనని తల్మూదు చెప్పుచున్నది. అనాథను తలంచి పుట్టిన బడులవి.

అయితే ఆ బడులు మగపిల్లల కొరకే. ఇక్కడను పొట్టు కలదు. అందుచేత లుస్త్రలోని ఒక ఇంటిని జ్ఞాపకము చేయుదును. తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లి యూదురాలు. ఆ ఇంటి కుమారుడు తిమోతి. అతనికి బాల్యమునుండి లేఖనములు నేర్పినదెవరు? బోధకుడు కాడు. అవ్వయైన లోయియు, తల్లియైన యునీకేయు. బడిలో చోటులేని స్త్రీలు ఇంటినే బడిగా చేసిరి.

3. కష్టము ఎవరి పాలు?

స్పార్తా పౌరుడు నాగలి పట్టడు, సుత్తె పట్టడు. అవి అతనికి నిషేధములు. అతని పొలమును దున్నువారు హెలోటులు. వారు ముఖ్యముగా మెస్సేనియా అను పొరుగుదేశపు రైతులు. ఓడింపబడి, తమ స్వంత పొలములలోనే తరతరములుగా వెట్టివారైరి. పంటలో సగము యజమానులకు మోసికొనిపోవలసి వచ్చెనని ఆ కాలపు కవియొకడు చెప్పెను. క్రీ.పూ. 479లో ప్లాటియా యుద్ధమునకు 5,000 మంది స్పార్తావారు వెళ్ళగా, ఒక్కొక్కనితో ఏడుగురు హెలోటులు వెళ్ళిరని హెరొడోటసు లెక్క చెప్పెను. తమకంటె ఇన్నిరెట్లున్న వెట్టివారిని చూచి యజమానులు నిత్యము భయపడిరి. ఏటేట ఎఫోరులు హెలోటులమీద యుద్ధము ప్రకటింతురు. అట్లు చేసినచో వారిని చంపినను దోషము లేదట!

థూసిడిడీసు వ్రాసిన ఒక సంగతి చదువుటకే గుండె బరువెక్కును. యుద్ధమున మాకు మేలు చేసితిమని తలంచు హెలోటులు ముందుకు రండి, మిమ్మును విడుదల చేయుదుమని స్పార్తావారు చాటించిరి. సుమారు 2,000 మందిని ఏర్పరచిరి. వారు తలలకు పూదండలు చుట్టుకొని, స్వతంత్రులమైతిమని ఆనందించుచు దేవాలయముల చుట్టు తిరిగిరి. కొద్దికాలమునకే వారందరు మాయమైరి. ఒక్కొక్కడు ఎట్లు చచ్చెనో ఎవరికిని తెలియదు. స్వాతంత్ర్యమును కోరు ధైర్యము గలవాడెవడో కనుగొనుటకే ఆ చాటింపు.

ఇంత చేసిన స్పార్తా నిలిచెనా? క్రీ.పూ. 480లో ఆ పట్టణమున సుమారు 8,000 మంది పౌరులుండిరని హెరొడోటసు వ్రాసెను. క్రీ.పూ. 371లో లూక్ట్రా యుద్ధమునకు వెళ్ళిన 700 మంది స్పార్తా పౌరులలో 400 మంది కూలిరి. త్వరలోనే మెస్సేనియా హెలోటులు విడుదల పొందిరి. అరిస్టాటిల్ కాలమునకు స్పార్తా పౌరులు వెయ్యిమందియైన లేరు. ఇతరుల చెమటమీద నిలిచిన ఇల్లు ఇసుకమీద కట్టిన ఇల్లే.

ఏథెన్సులో ఈ విషయమున రెండు నాలుకలు గలవు. క్రీ.పూ. 409 తరువాత అక్కడి కొండమీద ఎరెక్థియోను అను ఆలయమును కట్టినప్పటి కూలిలెక్కలు రాళ్ళమీద చెక్కబడి నేటికిని నిలిచియున్నవి. పౌరుడు, పరదేశి, బానిస ప్రక్కప్రక్కన రాయి చెక్కిరి. అదే పనికి అదే కూలి, దినమునకు ఒక ద్రక్మా. ఇది ఒక నాలుక. మరియొక నాలుక తత్త్వవేత్తలది. ఉత్తమమైన పట్టణము చేతిపనివానికి పౌరత్వమియ్యదని అరిస్టాటిల్ వ్రాసెను. చేతివృత్తులు దేహమును పాడుచేయునని, మనస్సును బలహీనపరచునని క్సెనొఫోను అనువాడు తన గ్రంథమున పలికించెను. ఆ తత్త్వవేత్తలకు తీరిక కలుగుటకు లారియోను వెండిగనులలో బానిసలు నేలక్రింద ప్రాకుచుండిరి.

యెరూషలేములో దేవుడు తానే ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున విశ్రమించెనను మాటతో లేఖనము మొదలగును. పనిచేయుట దేవునికే అవమానము కానప్పుడు మనిషికెట్లు అవమానమగును? మరియు విశ్రాంతిదినము యజమానునికి మాత్రమే కాదు. దాసునికి, దాసికి, ఎద్దునకు, గాడిదకు సయితము ఆ దినమున విశ్రాంతి విధింపబడెను. రోమా పండితుడైన సెనెకా దీనిని చూచి, యూదులు తమ బ్రదుకులో ఏడవ పాలు వ్యర్థపరచుకొనుచున్నారని ఎగతాళి చేసెను. పొలములో వంగిన నడుము ఎన్నడును ఎరుగనివాడు అట్లనక మరేమనును?

దేవాలయము పాడైన పిమ్మట యూదుల బోధకులు యబ్నెలో కూడుకొనిరి. అక్కడ అధిపతియైన రబ్బాను గమలీయేలు (పౌలు గురువునకు ఇతడు మనుమడు) యెహోషువ అను బోధకుని సభలో నిలువబెట్టి అవమానించెను. సభవారు సహింపలేక అధిపతినే పదవినుండి దింపిరి. అంతట గమలీయేలు క్షమాపణ కోరుటకు యెహోషువ ఇంటికి పోయెను. ఇంటి గోడలన్నియు మసిబారి నల్లగా నుండెను. “నీవు బొగ్గులు కాల్చి జీవించువాడవని ఈ గోడలనుబట్టి తెలియుచున్నది” అని ఆశ్చర్యపడెనట. యెహోషువ ఏమనెనో వినుడి. నీ క్రిందివారు ఏ పాట్లుపడి ఎట్లు బ్రదుకుచున్నారో ఎరుగని నీవు అధిపతివైన ఈ తరమునకు అయ్యో యనెను. సంఘపెద్దలారా, ఈ మాటను మరియొకసారి చదువుడి.

అయితే యూదులలోను చేతిపనులన్నిటికి సమానమైన ఘనత లేదు. తోళ్ళు ఊనవేయువానిని వారు దూరముగా నుంచిరి. ఆ వృత్తి చేయు భర్తతో, ఆ వాసన ఓర్వలేనన్న భార్య విడిపోవచ్చునని వారి శాసనము చెప్పెను. చేతిపనివారు లేక ఊరు నిలువదు గాని, ఆలోచనసభలో వారిని ఎవరును అడుగరని సీరాకు కుమారుడను జ్ఞాని వ్రాసెను. ఈ ముల్లు ఏథెన్సులోనే కాదు, యెరూషలేములోను ఉండెను.

4. డేరాలు కుట్టినవాడు

క్రీ.శ. 50 ప్రాంతమున పౌలు కొరింథునకు వచ్చెను. ఆయన యెరూషలేములో మొదటి గమలీయేలు పాదములయొద్ద చదివిన పండితుడు. అయినను అక్కడ అకుల ప్రిస్కిల్ల ఇంట దిగి, వారితోకూడ డేరాలు కుట్టెను. యూదులు దీనిని ఘనతగా ఎంచుదురు. కాని కొరింథు గ్రీకుల పట్టణము. అక్కడ గొప్ప బోధకుడనగా రుసుము పుచ్చుకొని మాటాడువాడు. చేతులకు కాయలు కాచినవాడు కాడు. కావుననే, నన్ను నేను తగ్గించుకొని మీకు ఉచితముగా సువార్త ప్రకటించుట పాపమాయెనా యని పౌలు వారిని అడుగవలసి వచ్చెను. ఆ పత్రికలోని బాధ మనకు ఇప్పుడు అర్థమగును. రెండు దేశముల విలువలు ఆయన చేతుల మీదనే ఢీకొనెను. ఆయన చేతులు దాచుకొనలేదు. ఎఫెసు పెద్దలయొద్ద సెలవు తీసికొనునప్పుడు ఆ చేతులనే చూపెను.

పేతురు ఇంకొక మెట్టు దిగెను. యొప్పేలో అనేక దినములు సముద్రపు దరినున్న సీమోను ఇంట బసచేసెను. ఆ సీమోను చర్మకారుడు! అన్యజనులను నిషిద్ధులుగా ఎంచరాదను దర్శనము పేతురునకు కలిగినది ఆ ఇంటి మిద్దెమీదనే. తోళ్ళ వాసనగల ఇంట భోజనము చేసినవానికే కొర్నేలి ఇంటి గడప దాటుట సాధ్యమాయెను. నూరు సంవత్సరములు గడచిన తరువాత కెల్ససు అను గ్రీకు పండితుడు క్రైస్తవులను వెక్కిరించుచు, వీరిలో బోధించువారు ఉన్నిపనివారు, చెప్పులు కుట్టువారు, చాకలివారు అని వ్రాసెను. తిట్టు అనుకొని వ్రాసెను. అది మనకు వంశవృక్షము.

మన ఆంధ్రదేశమునకు వచ్చినను ఇదే వరుస. 1866లో ఒంగోలు ప్రాంతమున బాప్తిస్మము పొంది, తన వారికి సువార్త మోసికొనిపోయిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి, మాదిగవాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో మొదలాయెను. ఇది ఎవరును సిగ్గుపడవలసిన చరిత్ర కాదు.

5. మన ముంగిట

ఇక చేటలో మిగిలిన గింజలను ఏరుకొందము.

పెద్దరికమును గూర్చి: గొంతు కొలిచి పెద్దను ఎన్నుకొనవద్దు. అతని చేతిలోని కానుకలకు ఏటికొకసారైనను సంఘము ఎదుట లెక్క చదివింపుడి. అది అనుమానము కాదు. లెక్క చెప్పుట యోగ్యునికి కవచము. మంచివానిని పొగడుట విని విసుగెత్తినప్పుడు, చేతిలో కుండపెంకు ఉన్నదేమో చూచుకొనుడి.

పిల్లలను గూర్చి: ఆడపిల్ల పుట్టినదని ముఖము చిన్నబుచ్చుకొను ఇల్లు హిలారియోను ఇంటికి ఎంత దూరము? దెబ్బలతోనే బిడ్డ బాగుపడునను తండ్రి స్పార్తాకు ఎంత దగ్గర? బెత్తమును గూర్చి సామెతలు చెప్పునని అందురేమో. తండ్రులు పిల్లలకు కోపము రేపి వారి మనస్సు క్రుంగజేయవద్దని చెప్పినదియు ఆ బైబిలే. లోయివలె సాయంకాలము దీపము దగ్గర కూర్చుండబెట్టుకొని నేర్పిన మాట బెత్తముకంటె ఎక్కువకాలము నిలుచును.

పనిని గూర్చి ఒక భేదము గుర్తింపవలెను. కష్టమును గౌరవించుట వేరు, మనిషిని ఒక కష్టమునకు కట్టివేయుట వేరు. హెలోటు కొడుకు హెలోటే కావలెననుట గౌరవము కాదు, సంకెల. తండ్రి చెప్పులు కుట్టెను గనుక, పాలేరుతనము చేసెను గనుక, కొడుకు అదే చేయవలెనని ఎవరైన అన్నయెడల వినవద్దు. మీ బిడ్డలను చదివింపుడి. వైద్యులను, ఉపాధ్యాయులను, అధికారులను చేయుడి. కాని చదివిన కుమారుడు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, స్నేహితుల ఎదుట తండ్రి కాయలు కాచిన చేతులను చూచి తల వంచుకొనెనా, వానికి ఏథెన్సు చదువే అబ్బెను గాని యెరూషలేము చదువు అబ్బలేదు. ఆ చేతులే వాని బడిజీతము కట్టినవి. పౌలు ఎఫెసువారికి చూపినవి అట్టి చేతులే.

ఈ ఆదివారము ఆరాధనకు వెళ్ళునప్పుడు మీ ప్రక్కన కూర్చున్నవాని చేతులు ఒకసారి చూడుడి. నాటు వేసి వచ్చినవా, మగ్గము నేసినవా, ఊరి వీధి ఊడ్చినవా? సమాధానము చెప్పుచు ఆ చేతిని పట్టుకొనుడి. నజరేతులో వడ్లవాని దుకాణమున పెరిగినవాడు అట్టి చేతులను బాగుగా ఎరుగును.